నాలుగో అంతస్తులో ఇరుక్కున్న కాల్

చీకటి పడ్డాక ఆ గదిలోకి ఒక్కరే వెళ్ళకూడదని ఆఫీసులో రాయని నియమం ఒకటి ఉండేదట. రాసిన నియమాల్ని ఎవరూ లెక్కచేసేవాళ్ళు కాదు గానీ, దీన్ని మాత్రం తు.చ. తప్పకుండా పాటించేవాళ్ళు.

గది పెద్దదేం కాదు. నాలుగో అంతస్తు చివర, కిటికీ లేదు. లోపల మనిషెత్తు ఇనుప బీరువా, అందులో గేట్‌వే అనే పెట్టె, అంచున దాని తెరా, కీబోర్డూ. బయటినుంచి వచ్చే ఫోన్ కాల్ ప్రతిదీ ఆ పెట్టెలో దూరి, ఇంటర్నెట్ తీగల మీదికెక్కి, కింద మూడో అంతస్తులో కూర్చున్న ఆపరేటర్ల చెవిలో పడాలి. ఆపదలో ఉన్న ఆడవాళ్ళ కోసం పెట్టిన హెల్ప్‌లైన్ అది. పగలూ రాత్రీ ఏడుపులు మోసే పెట్టె అన్నమాట.

దానికి పేరు ఎలా చెడిందంటే...

ఒక ఇంజనీరు ఒకరాత్రి ఒంటరిగా లోపలికెళ్ళి, కుడిచేతి వేళ్ళు ఐదూ వెనక్కి విరిగి బయటికొచ్చాడు. మర్నాటినుంచి ఆ వీధిలోకే రావడం మానేశాడు.

అతని స్థానంలో వచ్చినవాడు నాలుగు నెలలు పనిచేశాడు. ఐదో నెలలో ఒక తెల్లవారుజామున తలుపు పగలగొట్టి చూస్తే, బీరువా తలుపుకీ చట్రానికీ మధ్య అతని తల నలిగిపోయి ఉంది. గదికి లోపలి గడియ వేసే ఉంది. నేల మీద రక్తం అట్టకట్టింది. పెట్టె మీద దీపాలు మాత్రం పచ్చగా, ఏమీ ఎరగనట్టు వెలుగుతున్నాయి.

ఇద్దరూ ఆఖరున చేసిన పని ఒక్కటే — ఇరుక్కున్న కాల్‌ని తెంపడం.

ఇరుక్కున్న కాల్ అంటే ఏమిటో చెప్పాలి. ఇటు ఆపరేటర్ ఉండదు, అటు మాట ఉండదు, అయినా కాల్ నడుస్తున్నట్టు పెట్టె చూపిస్తూనే ఉంటుంది. అర నిమిషం విని, గొంతు వినపడకపోతే తెంపెయ్యమని ఆఫీసు పద్ధతి. అందరూ చేసేదే. అందులో పాపం ఏముందని ఎవరికీ అనిపించలేదు.

మూడోవాడి పేరు కత్తెర. అసలు పేరు జీతం కాగితంలో ఉండేది, మనుషుల నోట్లో ఉండేది కాదు. లైన్ల మీద బరువు పెరిగిందంటే ఎక్కడ కోస్తే తగ్గుతుందో ఇతనే చెప్పాలి, అందుకని ఆ పేరు. మూడేళ్ళ కిందట, ఇంకా పెద్దాఫీసులో ఉన్నప్పుడు, దూరాన్నుంచే ఆ గేట్‌వేలో ఒక మార్పు చేశాడు.

గొంతుని మడిచి తీగలోకి ఎక్కించే పద్ధతిని కోడెక్ అంటారు. ఏ కోడెక్ ముందు, ఏది తర్వాత అని పెట్టెలో ఒక వరస రాసి ఉంటుంది. మొదటిది కుదిరితే సరే, కుదరకపోతే రెండోది. కత్తెర ఆ వరస తిరగేశాడు. చప్పుడుని ఉన్నదున్నట్టు మోసే లావు కోడెక్‌ని వెనక్కి నెట్టి, చిక్కగా మడిచే సన్న కోడెక్‌ని ముందు పెట్టాడు. దానికి ఇంకో గుణం కూడా తగిలించాడు. మాట కాదని తోచినదాన్నల్లా పెట్టె కోసి పారేస్తుంది. కోసినచోట, లైన్ తెగిందేమోనని జనం కంగారుపడకుండా, తనే మెత్తగా గాలి వీచినట్టు ఒక చప్పుడు నింపుతుంది. బరువు సగానికి సగం తగ్గింది. అందరూ శభాష్ అన్నారు.

ఆ తర్వాత్తర్వాతే కాల్స్ ఇరుక్కోవడం ఎక్కువైందని ఎవరూ గమనించలేదు. గమనించాల్సినవాడు అతనే గనక, అతనూ గమనించలేదు.

కత్తెరకి ఒక చెల్లెలు ఉంది. నాలుగు వీధుల అవతల ఆమె కాపురం. మొగుడికి చెయ్యి దురుసు. ఆర్నెల్ల కిందట కన్ను కమిలి, పెదవి చిట్లి అన్న గుమ్మంలోకి వచ్చి నిలబడితే, కాఫీ ఇచ్చి, తన బండి మీదే మళ్ళీ ఆ ఇంట్లో దింపి వచ్చాడు. "సర్దుకోమ్మా. మరీ మించిపోతే మా హెల్ప్‌లైన్‌కి చెయ్యి, మావాళ్ళు ఎత్తుతారు" అన్నాడు. తనన్న ఆ మాట అతని మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. చెల్లెలు ఆ తర్వాత అతనికి ఫోన్ చెయ్యలేదు.

ఈ ఆర్నెల్లలో ఇరుక్కున్న కాల్స్ నాలుగు తెంపాడు. నాలుగూ ఇంట్లో మంచం మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లోంచి. గదిలోకి వెళ్ళేంత తెలివితక్కువవాణ్ణి కానని నవ్వేవాడు.

ఆ రాత్రి మాత్రం వెళ్ళక తప్పలేదు. కొత్త గేట్‌వే రెండో అంతస్తులో సిద్ధమైంది. పాతదాన్ని మూసి, ఊడదీసి, కిందికి దింపాలి. కాల్స్ పల్చబడే వేళ రాత్రి రెండు గంటలే.

మూయడానికి రెండు దారులు. ఒకటి మెల్లగా. కొత్త కాల్ ఒక్కటి కూడా లోపలికి రాదు, ఉన్నవాళ్ళు మాట్లాడుకుని వెళ్ళేదాకా పెట్టె ఆగుతుంది. రెండోది బలవంతంగా. ఎవరు ఏ మాట మధ్యలో ఉన్నా సరే, అందరి గొంతూ ఒక్క వేటుకి తెగుతుంది.

సరిగ్గా రెండింటికి కత్తెర మెల్లదే కొట్టాడు. లోపల పధ్నాలుగు కాల్స్. ఆ గదిలో కూర్చోబుద్ధి కాక, మూడో అంతస్తుకి దిగి, రాత్రి డ్యూటీ సూపర్‌వైజర్ దగ్గర టీ తాగాడు. ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అంటారు. ఇరవయ్యేళ్ళుగా అదే కుర్చీ.

మూడింటికి పది నిమిషాలుండగా పైకి వచ్చాడు. తెర మీద అంకె చూశాడు.

ఒకటి.

బల్ల మీది ఫోన్ తీసి కిందికి చేశాడు. "పెద్దమ్మా... పాత గేట్‌వే మీద ఇంకా ఎవరు మాట్లాడుతున్నారు?"

"ఎవరూ లేర్రా. అందరం కొత్తదాంట్లోకి వచ్చేశాం."

"ఒకటి ఉంది."

ఆవిడ గొంతు తగ్గించి అంది: "తెంపకు నాయనా. కిందికొచ్చెయ్."

కానీ తెల్లారేసరికి పెట్టె కింద ఉండాలి. హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. విన్నాడు. పది సెకన్లు... ఇరవై... ముప్పై. మెత్తటి గాలి చప్పుడు. ఇంకేం లేదు.

గొంతు లేదు. పద్ధతి ప్రకారం తెంపెయ్యచ్చు.

బలవంతంగా మూసే ఆదేశం టైపు చేశాడు. ఎంటర్ మీదికి వేలు తీసుకెళ్ళాడు—

బీరువా తలుపు దానంతట అది కదిలింది.

మెల్లగా కాదు. ఎవరో రెండు చేతులా పట్టుకుని విసిరికొట్టినట్టు వచ్చి, కీబోర్డుతో సహా అతని చేతిని చట్రానికేసి నొక్కేసింది. ఎముక విరిగిన చప్పుడు అతనికే వినపడింది. అరిచాడు. ఎడం చేత్తో తలుపు లాగాడు. అది రాలేదు. ఇంకా గట్టిగా, ఇంకా లోపలికి ఒత్తింది. చూపుడువేలు గోరు ఊడి కీబోర్డు మీద పడింది.

తర్వాత ఉన్నట్టుండి వదిలేసింది.

మోకాళ్ళ మీద కూలబడ్డాడు. రక్తం మోచేతిదాకా కారుతోంది. పారిపోవాలనుకున్నాడు. తలుపు వైపు చూస్తే — లోపలి గడియ వేసి ఉంది. తను వెయ్యలేదు.

కళ్ళు తెర మీదికి తిరిగాయి. ఆ ఒక్క కాల్ పక్కన చిన్న అంకె ఒకటి పెరుగుతోంది. అటువైపునుంచి వస్తున్న గొంతు ముక్కల లెక్క అది. ఒకటి... ఆగి, ఇంకొకటి... ఆగి, ఇంకొకటి.

ఇరుక్కున్న కాల్‌లో ఆ అంకె పెరగదు. అటు మనిషి ఉంటేనే పెరుగుతుంది.

తను ఇన్నాళ్ళూ విన్న ఆ గాలి చప్పుడు ఎవరిది? పెట్టెది. పెట్టె ఎప్పుడు వేస్తుంది? మాట కాని చప్పుడు కోసినప్పుడు. ఏమేం చప్పుళ్ళు కోసింది? ఎవరి చప్పుళ్ళు? మూడేళ్ళ కిందట ఒక్కసారి కూడా ఈ ప్రశ్న వేసుకోలేదు.

ఎడం చేత్తో, తప్పులు కొట్టుకుంటూ, దిద్దుకుంటూ, వరస మళ్ళీ తిరగేశాడు. లావు కోడెక్ ఒకటి. సన్నది రెండు. కోత బంద్. నడుస్తున్న కాల్‌ని కొత్త వరస ప్రకారం మళ్ళీ కుదుర్చుకోమని పెట్టెకి చెప్పాడు.

గాలి ఆగిపోయింది.

చెవిలో ఒక దెబ్బ పడింది. మెత్తటి దాని మీద గట్టిది పడ్డ చప్పుడు. తల గోడకి తగిలిన చప్పుడు. మళ్ళీ. మళ్ళీ. వాటి మధ్య, గొంతు పిసికేస్తుంటే లోపల్నుంచి వచ్చే తడి గురక. ఫోన్ మీద గోళ్ళు గీస్తున్న చప్పుడు — గర్ర్... గర్ర్... మాట కాదు అందులో ఏదీ. మూడేళ్ళుగా కోసి పారేసిందంతా ఇదే.

ఆయాసపడుతూ ఒక మగగొంతు, చాలా నెమ్మదిగా అంది: "పిలువు... ఎవర్ని పిలుస్తావో పిలువు. ఎవడొస్తాడు నీకు?"

ఆ గొంతు కత్తెరకి తెలుసు. పెళ్ళిలో ఆ మనిషి చేతిలోనే చెల్లెలి చెయ్యి పెట్టాడు.

బల్ల మీది ఫోన్లో పెద్దమ్మకి అడ్రసు అరిచి చెప్పాడు. వీధి, ఇల్లు, రెండో అంతస్తు, ఎడం తలుపు. "చంపేస్తున్నాడు పెద్దమ్మా, మా చెల్లిని... పోలీసుల్ని పంపించు." పక్క లైన్లో ఆవిడ ఆదేశాలు ఇస్తుండడం వినపడింది.

హెడ్‌ఫోన్ మైకు నోటి దగ్గరికి లాక్కుని అరిచాడు. "ఒరేయ్."

ఆమె ఫోన్‌లోంచి ఆ అరుపు వినపడి, అటు దెబ్బలు ఆగాయి.

"ఎవడ్రా?"

"దాని అన్నని. మీ మెట్ల మీదున్నాం. ఆరుగురం." పచ్చి అబద్ధం. గొంతు వణక్కుండా ఉండడానికి విరిగిన వేళ్ళు తొడకేసి నొక్కుకున్నాడు. ఆ నొప్పికి కళ్ళు బైర్లు కమ్మాయి, గొంతు మాత్రం నిలబడింది. "చెయ్యి తియ్యి. ఇంకొక్క దెబ్బ వేస్తే ఈ రాత్రే నీ ఆఖరు రాత్రి."

నిశ్శబ్దం. ఈసారిది నిజం నిశ్శబ్దం. దాంట్లో చెల్లెలి ఊపిరి చీలికలు పీలికలుగా వినపడుతోంది. లోపలికి... చాలాసేపు ఏం లేదు... బయటికి.

"ఉన్నానమ్మా" అన్నాడు కత్తెర. "లైన్లోనే ఉన్నాను. పీల్చు. ఇంకోసారి పీల్చు."

వాడు నమ్మాడో లేదో గానీ, చెయ్యి తీశాడు. తలుపు దగ్గరికెళ్ళి గడియలు వేస్తున్నాడు, బల్ల ఈడుస్తున్నాడు. ఏడు నిమిషాలు. తర్వాత నిజంగానే మెట్ల మీద బూట్లు. తలుపు విరిగింది. గ్లాసు పగిలింది, ఎవడో బూతులు తిట్టాడు, లాఠీ ఎముక మీద పడింది, వాడు కుక్కలా మొరిగాడు. కత్తెర అదంతా విన్నాడు. వినడానికి అతనికి బాగానే ఉంది, అది దాచుకోవడం ఎందుకు.

కాల్ దానంతట అది ముగిసింది. తెర మీద అంకె సున్నా అయింది. గది గడియ తీసే ఉంది.

చెల్లెలు బతికింది. మూడు పక్కటెముకలు విరిగాయి, గొంతు లోపల నలిగింది. నెల్లాళ్ళు మాట్లాడకూడదన్నారు డాక్టర్లు. ఐదోరోజున, పట్టీ చుట్టిన చేత్తో కత్తెర ఆమె మంచం పక్కన కూర్చున్నాడు. ఆమె నోటుపుస్తకంలో రాసి చూపించింది.

"నువ్వు చెప్పావు కదా అని చేశాను అన్నయ్యా. ఇంతకుముందు కూడా నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ మధ్యలో తెగిపోయింది."

అతను మంచం మీద కూర్చుని తెంపినవీ నాలుగే. ఆమె ఫోన్ బల్ల మీద ఉంది. ఏదో ఒకటి చెయ్యాలి గనక తీసి, ఆ రాత్రి కాల్ ఏ వేళకి మొదలైందో చూశాడు.

రెండూ ముప్పై ఒకటి.

మళ్ళీ చూశాడు. రెండింటికే పెట్టె తలుపులు మూశాడు. ఆ తర్వాత కొత్త కాల్ ఒక్కటి కూడా లోపలికి రాకూడదు. రాలేదు... రాదు. అది తను చేతులారా చేసిన పని.

"కాల్ ఎత్తింది ఎవరమ్మా?" అన్నాడు. అడుగుతున్నప్పుడే అడగకుండా ఉంటే బాగుండుననిపించింది.

ఆమె రాసింది: "ఒకావిడ. గొంతు బొంగురుగా ఉంది, ఆవిణ్ణి కూడా ఎవరో పిసికినట్టు. లైన్లన్నీ మూసేశారమ్మా, అయినా నువ్వు లోపలికి రా అంది. చివరిదాకా నాతోనే ఉంది. భయపడకు, నాది తెంపినట్టు నీది ఈసారి తెగదు అంది."

పెన్ను ఆగింది. గుర్తు తెచ్చుకుంటున్నట్టు పైకి చూసి, ఇంకో రెండు వరసలు రాసి, పుస్తకం అతని వైపు తిప్పింది.

"ఈసారి కూడా లైన్ తెంపితే వాణ్ణి బతకనివ్వను అని కూడా అంది. చాలా కోపంగా అంది. ఎవర్ని అన్నయ్యా?"