మునగని మడకొయ్య

1975 మే నెలలో మస్కట్ పక్కనున్న మత్రా రేవులో దిగేనాటికి కామేశ్వరరావు చేతిలో ఉన్న సరుకు ఇది: పరాయి పేరుతో ఒక పాస్‌పోర్ట్, సిగరెట్ లైటర్‌లో ఇమిడిన కెమెరా, లోహాన్ని పసిగట్టే ఫౌంటెన్ పెన్ను, పాపానాయుడుపేట ఎర్ర గాజుపూసలు పన్నెండు పెట్టెలు, మొహం చూసి మనిషి విలువ కట్టగల తెలివి. పెన్ను మస్కట్ ఉక్కకు మూడో రోజే మొరాయించింది. తెలివి మరికొన్నాళ్లు పనిచేసింది.

మస్కట్‌లోనే రూవి పేటలో నిసార్ అహ్మద్ టైలరింగ్ షాపు. హైదరాబాదీ నిసార్ పైకి దర్జీ, లోపల ఢిల్లీ ఆఫీసు మనిషి.

"ఎర్ర పూసలున్నాయా సేఠ్?" అడిగాడు నిసార్.

"ఉన్నాయి. కిల్వా సుల్తాను కొనగా మిగిలినవి."

కోడ్ కుదిరింది. నిసార్ టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

"చెయ్యి ఎత్తండి. టార్గెట్ పేరు హార్ట్‌మన్. పురావస్తు పండితుణ్ణంటాడు, దొంగ. లాము నుంచి కిల్వా దాకా ఆఫ్రికా తీరం వెంట పాత స్వాహిలీ పట్టణాలున్నాయి. పగడపు రాతి ఇళ్లు, మసీదులు, స్తంభాల సమాధులు. ఆ స్తంభాల్లో చైనా గిన్నెలు పొదిగి ఉంటాయి. ఛాతీ ముప్ఫై ఎనిమిది. వాటిని పెకలించి యూరప్‌లో అమ్ముతున్నాడు. బొంబాయిలో పెట్టె తెరిచిన మన కస్టమ్స్ వాళ్లిద్దర్నీ చంపించాడు."

"ఇక్కడేం పని వాడికి?"

"ముర్తుజా అని జాంజిబార్ మాస్టారు. ఇక్కడికొచ్చి, మత్రాలో సముద్రం గోడకు ఆనుకుని ఉన్న పాత ఇంటిని మ్యూజియం చేస్తున్నాడు. వచ్చే నెల మొదటి గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ఓపెనింగ్. ఏ గిన్నె ఏ సమాధిదో, ఎవరు కొన్నారో సభలో చదువుతాడు. హార్ట్‌మన్ చదవనివ్వడు."

"ఎలా ఆపుతాడు?"

"అది మీరు కనుక్కుంటారనే ఈ సూటు కుడుతున్నా మియా. గాలి పీల్చకండి, నడుము కొలత తప్పుతోంది."

హార్ట్‌మన్ సెక్రటరీ పేరు ముంతాజ్. నల్ల కళ్లద్దాలు, ఆకుపచ్చ పట్టు స్కార్ఫ్. ఆమె నడిచి వస్తే మత్రా సూక్ బజారులో బేరాలు ఆగిపోయేవి. ఎనిమిది నెలలుగా ఆమె ఢిల్లీకి కూడా పనిచేస్తోంది. ముత్తాత మచిలీపట్నం నుంచి అద్దకం బట్టలతో జాంజిబార్ వెళ్లి స్థిరపడ్డాడు. ఆమె ఇంటి తెలుగులో ఉర్దూ, స్వాహిలీ కలిసిపోయి ఉండేవి. వారానికి రెండుసార్లు పూసలు చూసే వంకతో, ఆ బజారులోనే కామేశ్వరరావు తెరిచిన కొట్టుకు వచ్చేది. మూడో వారానికి వంక అవసరం తీరిపోయింది.

"చిన్నప్పుడు వాన పడితే బీచ్‌కు పరిగెత్తేవాళ్లం," అందొకరోజు ఎర్ర పూసల దండ వేలికి చుట్టుకుంటూ. "ఇసుక కోసుకుపోయి ఇలాంటివే బయటపడేవి. వెయ్యేళ్ల కిందటివంటారు మాస్టారు. ఏనుగు దంతం ఇచ్చి మీవాళ్ల దగ్గర కొన్నారట మావాళ్లు."

"మావాళ్లు మోసం చేసి ఉంటారు."

"అది మాకు తెలియదా? తెలిసే కొన్నాం." నవ్వింది. "నన్నెప్పుడు తీసుకెళ్తారు కామేశ్వర్ గారూ, మచిలీపట్నం? ఊరి పేరు తప్ప నాకేం తెలియదు."

"గురువారం తర్వాత."

ఆ మాటలో ఆయన మొహమాటం లేదు, వృత్తి లేదు. నలభై రెండేళ్ల మనిషి ఖరారు చేసుకున్న మొదటి బేరం అది.

బుధవారం ఆమె నవ్వలేదు.

"బాంబు. టైమ్ పదీ సున్నా సున్నా. లాము నుంచి మడకొయ్యలు తెచ్చిన ధౌ పడవ లేదూ? ఆ కొయ్యల్లో ఒకదాన్ని తొలిచి పెట్టారు. నాలుగు వందల కొయ్యలూ మాస్టారింటి వరండా కప్పుకే వెళ్లాయి. ఏదో నాకు తెలియదు."

"సభ ఆపేద్దాం."

"ఆపితే రేపు కాకపోతే ఇంకోరోజు. పైగా ఈ సంగతి తెలిసింది హార్ట్‌మన్‌కూ నాకూ మాత్రమే. బయటపడితే ఎవరు చెప్పారో వాడు వెతకక్కర్లేదు. రేపు తొమ్మిదింటికి ఆ ధౌ మీద హార్ట్‌మన్‌కు కాగితాలివ్వాలి, వెళ్లకపోతే అనుమానం. పది లోపు దిగిపోతాను. కొయ్య దొరికినా, నా చిన్న పడవ ఒడ్డుకు తగిలేదాకా ముట్టుకోకండి. మాట ఇవ్వండి."

ఆయన మాట ఇచ్చాడు.

గురువారం తొమ్మిదిన్నర. అరవై రెండు మంది వచ్చారు, ఎక్కువమంది జాంజిబార్ వదిలి వచ్చిన కుటుంబాలవాళ్లు. పూసలు కానుకగా తెచ్చిన సేటు వేషంలో కామేశ్వరరావు వరండాలో పచార్లు చేస్తూ కప్పు చూస్తున్నాడు. పక్కపక్కనే పేర్చిన కొయ్యలు, పైన చాపలు. ఇంకా సున్నం పోయలేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

కప్పు పనిచేసిన భీమన్న, కరీంనగర్ మనిషి, స్తంభానికి ఆనుకుని బీడీ దాచుకుంటున్నాడు.

"కొయ్యలు మోయడం కష్టమైందా భీమన్నా?"

"అయి కట్టెలా సేటూ? ఇనుము! ఒడ్డుకాడ నీళ్లల్ల ఏస్తె బుడుంగున మునుగుతయి. సముద్రం ఎనుకకు వోయినంక ఏరుకునుడే. ఒక్కటే తేలింది. మల్లేశం ఉరికిండు గని నేనే ముందుగాల అందుకున్న." గర్వంగా నవ్వాడు. "సులువు కట్టె ఎవలు ఇడిశిపెడ్తరు?"

కామేశ్వరరావుది మడ అడవుల పక్కనున్న కోరంగి. మడకొయ్య నీళ్లలో మునుగుతుందని పుట్టినప్పటి నుంచీ తెలుసు. తొలిచిన కొయ్య తేలుతుందని లాములో కొయ్యలెత్తించిన హార్ట్‌మన్ దొరకు తెలియలేదు. ఒడ్డున నీళ్లలో పారేసే పద్ధతి వాడెప్పుడూ చూడలేదు.

"అదెక్కడుంది?"

"గదే, పంతులు నెత్తిమీద."

తొమ్మిదీ నలభై ఎనిమిది. ఇద్దరూ మిద్దె ఎక్కి చాప తొలగించారు. కొయ్య చివర లక్క పూసి ఉంది. రెండు ఫర్లాంగుల దూరంలో లంగరు వేసిన ధౌ. డెక్ మీద బైనాక్యులర్స్‌తో హార్ట్‌మన్. అతని పక్కన ఆకుపచ్చ స్కార్ఫ్. చిన్న పడవ ఇంకా ధౌకే కట్టి ఉంది.

తొమ్మిదీ యాభై మూడు. కింద మైకులో ముర్తుజా మాట్లాడుతున్నాడు: "ఈ ఫోటో చూడండి. స్తంభం మీద గుండ్రటి గుంట. గిన్నె పోయింది, గుంట మిగిలింది..."

"ఏం జూస్తున్నవ్ సేటూ? ఎండ మాడ్తున్నది."

"ఒక పడవ కదలాలి."

తొమ్మిదీ యాభై ఐదు. కదల్లేదు. జనాన్ని బయటికి పంపినా, కొయ్య ఎత్తినా ఆ బైనాక్యులర్స్‌కు ఒకటే. కొయ్యను ఇంటికి దూరంగా లాక్కెళ్లడానికి మూడు నిమిషాలు కావాలి. అంతకంటే తగ్గదు. ఎన్నిసార్లు వేసుకున్నా ఆ లెక్క మారలేదు.

తొమ్మిదీ యాభై ఏడు.

"ఎత్తు," అన్నాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆయనకు తెలియడానికి క్షణం పట్టింది.

ఇద్దరూ ఎత్తి గోడ మీంచి సముద్రంలోకి తోశారు. కొయ్య తేలింది. గోడ కింద కట్టిన చేపల పడవలోకి కామేశ్వరరావు దూకి, కొయ్యకు తాడు తగిలించి తెడ్డు వేశాడు. వెనక్కి చూడలేదు, ఎదురుగా ఉన్న ధౌ వైపే చూశాడు. లంగరు తాడు నరుకుతున్నారు. తెరచాప లేస్తోంది. డెక్ మీద ఆకుపచ్చ రంగు ఎక్కడా లేదు.

"ముంతాజ్!" అని అరిచాడు. సీక్రెట్ ఏజెంట్ ఎప్పుడూ చేయకూడని పని.

పదికి పది సెకన్లుందనగా తాడు కోసి పడవను పక్కకు తోశాడు. నీళ్లు మిద్దె ఎత్తున లేచాయి. పడవ తిరగబడింది. మ్యూజియం కిటికీ అద్దాలు పగిలాయి. ఎవరికీ గాయాలు కాలేదు. దుమ్ము దులుపుకుని ముర్తుజా ఆపిన పేరు దగ్గర్నుంచి చదవడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నానికి గస్తీ బోటు ధౌను పట్టుకుంది. ముంతాజ్ అందులో లేదు. సముద్రంలో నాలుగు రోజులు వెతికారు.

హార్ట్‌మన్ విచారణలో దాచిందేమీ లేదు. "ఆమె మంచి సెక్రటరీ. పదింటికి ఆ తమాషా చూసి వెళ్లమని నేనే ఆపాను. కొయ్య గోడ మీంచి పడేదాకా అనుమానించలేదు."

నెల తర్వాత నిసార్ షాపులో రిపోర్ట్ ఫారం నింపారు. ఏ గడిలో ఏది రాయాలో నిసార్ చదివాడు, కామేశ్వరరావు చెప్పాడు.

కాపాడిన ప్రాణాలు: అరవై రెండు. పట్టుబడినవారు: హార్ట్‌మన్, మరో తొమ్మిది మంది. స్వాధీనమైన గిన్నెలు: ముప్ఫై ఒకటి, అన్నీ సమాధులకు తిరిగి వెళ్లాయి. మన సిబ్బందిలో నష్టం...

నిసార్ ఆగాడు. "ఆమె పేరు మన సిబ్బంది జాబితాలో లేదు భాయ్. నంబర్ కూడా ఇవ్వలేదు ఢిల్లీ."

"అయితే?"

"లేదు అని రాయాలి."

రాశారు. కామేశ్వరరావు కింద సంతకం పెట్టాడు. అడుగు కాపీ మీద కార్బన్ సరిగా పడలేదని, ఇంకాస్త గట్టిగా నొక్కి మరోసారి పెట్టమన్నాడు నిసార్.