షెడ్డు తలుపు తీసిన ఇల్లాలు

కోడిపిల్లల లారీ వాళ్ళ దారిలోకి తిరగలేదు! ఇక కోడిపిల్లలను పంపబోమని, వాటిని పెంచడానికి ఇచ్చే కంపెనీ ఉత్తరం రాసి ఆరు వారాలైంది. అయినా ఆర్డెత్ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూస్తూనే ఉంది... లారీ తిన్నగా పక్కవాళ్ళ షెడ్లకు వెళ్ళిపోయింది. అమెరికాలో జార్జియా కొండల కింద ఇరవై రెండేళ్ళుగా కోళ్ళు పెంచిన ఇల్లు! నాలుగు పొడుగాటి షెడ్లూ ఇప్పుడు చప్పుడు లేకుండా పడి ఉన్నాయి. అంతా ఆమె చేతులారా చేసిందే. పరాయివాళ్ళను షెడ్డులోకి రానివ్వకూడదని కంపెనీ షరతు. అది తెలిసి కూడా, మనం తినే తిండి ఎక్కడినుంచి వస్తోందో సినిమా తీస్తానంటూ వచ్చిన అమ్మాయికి కిందటి చలికాలం ఆమె తలుపు తీసింది. ఆ సంగతి కంపెనీ చెవిన పడింది.

"కెమెరా కనబడేసరికి ఒళ్ళు మరిచిపోయావు వదినా! మా అన్నయ్య నోటికాడ కూడు తీసేశావు గదా!" అంది ఆడపడుచు వర్నా, ఆమె పెట్టిన కాఫీయే తాగుతూ.

ఆర్డెత్ ఆమె కప్పులో మరికాస్త కాఫీ పోసింది. భర్త హోయ్ట్ ఆ ఉత్తరం వచ్చిన రోజునుంచి ఆమెతో పలకడమే మానేశాడు. పెట్టింది తింటాడు, ఖాళీ షెడ్లలో తిరిగొస్తాడు, దగ్గుతాడు. నాలుగు తిట్టినా బాగుండును!

ఆదివారం సాయంత్రం చర్చి హాల్లో ఆ సినిమా వేశారు. హోయ్ట్ కూడా వచ్చి, టోపీ ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. తెర మీద ఆర్డెత్ బకెట్టు పట్టుకుని చచ్చిన కోళ్ళను ఏరుతోంది. చుట్టూ, తమ బరువు తామే మోయలేక కూలబడిన కోళ్ళు...

"కంపెనీ ఊరుకోదని తెలిసి తలుపెందుకు తీశారు?" అని ఆ అమ్మాయి గొంతు అడిగింది.

"ఈ దుమ్ముకి మా ఆయన ఊపిరితిత్తులు పాడైపోయాయమ్మా. డాక్టరు మానెయ్యమన్నాడు. వాళ్ళ నాన్న కట్టిన షెడ్లాయె, మానేస్తానని ఆయన నోట రాదు. అదే కంపెనీవాళ్ళు మానిపించారనుకో... ఆయన ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు. తిట్లేవో నేను తింటాలే."

వర్నా తలొంచుకుని కళ్ళు తుడుచుకుంది.

ఇంటికి వెళ్తూ హోయ్ట్ దారిలో బండి ఆపాడు.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా, ఆర్డెత్?"

"చెప్తే మానేవాడివా?"

"మానేవాణ్ణి కాదు..." అన్నాడు హోయ్ట్. తర్వాత ఆమె చెయ్యి అందుకున్నాడు. చచ్చిన కోళ్ళను ఏరి ఏరి బండబారిన ఆ చేతిని ఎన్నాళ్ళకు ముట్టుకున్నాడో!

"రేపు పొద్దున్నే లేవకు. పడుకో."

"మరి నువ్వో?"

"నేనూ పడుకుంటాను."

ఆరు వారాలుగా బిగబట్టుకున్న ఏడుపు అప్పుడు వచ్చింది ఆర్డెత్‌కి.