ఉప్పునీటి తగువు

"ఏవండీ, ఇది సైన్స్ పార్కా, సముద్రమా?"

వానలో గొడుగు పట్టుకుని, గేటు దగ్గర ట్యాంకరుకి అడ్డంగా నిలబడింది సుప్రజ. కడియం పక్కన కొత్తగా కట్టిన ఆ పార్కులో నీళ్లు, కరెంటు, చెత్త, చెట్లు అన్నీ ఆమె బాధ్యతే. పార్కు వల్ల చుట్టుపక్కల నేల పాడవదని నర్సరీలవాళ్లకి మాటిచ్చింది కూడా ఆమే.

డ్రైవరు పక్క సీట్లోంచి ఒకతను దిగాడు. తడుస్తూనే నవ్వాడు.

"భీమవరం నుంచి ఉప్పునీళ్లండి. నా పేరు సూర్యతేజ, మూడో నంబరు ల్యాబు. రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గగానే రైతు ఫోనుకి మెసేజ్ పంపే సెన్సర్లు చేస్తాం. రొయ్యలు లేకుండా టెస్టింగ్ ఎలా చేయమంటారు?"

"రొయ్యలకి పర్మిషన్ ఉందా?"

"వాటికి లేదండి. నాకుంది."

సుప్రజకి ఒళ్లు మండిపోయింది.

ఆ మంట మూడు నెలలైనా చల్లారలేదు. పార్కులో అందరి కరెంటు వాడకం తగ్గితే అతని ల్యాబుది పెరిగేది. ఎందుకని ఉత్తరం రాస్తే, అది పట్టుకుని స్వయంగా వచ్చి ఎదురుగా కూర్చునేవాడు.

"రెండో పేరా అర్థం కాలేదండి."

"తెలుగులోనే రాశాను కదా!"

"మీ నోటితో వింటే ఇంకా బాగా అర్థమవుతుందని..."

"బయటికి నడవండి!"

అతను రాని రోజున మాత్రం ఆమె చూపు రెండుసార్లు తలుపు మీదికి పోయేది. అందుకు తన మీద తనకే చిరాకు.

ఒక సోమవారం పక్క నర్సరీ వెంకటదుర్గ గారు గులాబీ మొక్కొకటి తెచ్చి సుప్రజ బల్ల మీద పెట్టారు. ఆకుల అంచులన్నీ మాడిపోయాయి.

"మీ పార్కు కాలువ నీళ్లు పెట్టాకే ఇలా అయిందమ్మా. లారీ ఎక్కాల్సిన మొక్కలు నాలుగు వేలు పోయాయి. నువ్వు మాటిచ్చావనే నమ్మాను."

కాలువ నీళ్లు పరీక్షిస్తే ఉప్పు తేలింది. పార్కులోకి ఉప్పు తెచ్చేవాడు ఒక్కడే! సుప్రజ తిన్నగా మూడో నంబరు ల్యాబుకి వెళ్లింది.

"శుక్రవారంలోగా ఖాళీ చేయండి."

మొదటిసారి అతని ముఖంలో నవ్వు మాయమైంది. "నా ల్యాబు నుంచి చుక్క బయటికి పోదండి. వడకట్టి మళ్లీ వాడుకుంటాను. ఒక్కసారి చూడండి."

"చూడాల్సింది ఆ మొక్కల్లో చూశాను."

మర్నాడు పొద్దున్నే ఆమె వచ్చేసరికి, సూర్యతేజ సన్నటి వానలో మోకాళ్ల లోతు కాలువలో ఉప్పు కొలిచే మీటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రండి. ముందు ఇది చూడండి, తర్వాత నన్ను తిట్టొచ్చు."

విసుక్కుంటూనే గట్టు వెంట నడిచింది. కాలువలోకి వచ్చే ఒక్కో గొట్టం దగ్గర ఆగి మీటరు పెట్టాడు. అతని ల్యాబు వైపు గొట్టం పొడిగా ఉంది. చివరి గొట్టం దగ్గర మాత్రం అంకె ఒక్కసారిగా పైకి ఎగిరింది.

అది పార్కు మంచినీళ్ల ప్లాంటు గొట్టం. నీటిని శుద్ధి చేశాక మిగిలే ఉప్పు నీళ్లు ఒక గుంటలోకి పోవాలి. గుంట నిండి, కాలువలోకి పొర్లుతోంది. ఆ ప్లాంటు డిజైన్ చేసింది సుప్రజే.

"నవ్వండి," అంది సుప్రజ. "ఇక మీ వంతు."

"నవ్వే విషయం కాదండి. ఆవిడ మొక్కలు నేనూ చూశాను. ఈ గుంట సంగతి ఇంకెవరికీ చెప్పలేదు. పార్కు డైరెక్టర్ గారికి మీరు చెబితేనే బాగుంటుంది."

"కనీసం కోప్పడొచ్చు కదండీ! మీ మంచితనం కూడా చిరాగ్గానే ఉంటుంది!"

మధ్యాహ్నానికల్లా తప్పు తనదేనని రాసి, సంతకం పెట్టి డైరెక్టర్ గారికి ఇచ్చింది. ఉద్యోగం పోతుందనే అనుకుంది. ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివారు. చివరికి, "వారంలో సరిచేయండి. లేకపోతే పార్కు మూసుకోవాల్సి వస్తుంది," అన్నారు.

బయటికి రాగానే వరండాలో సూర్యతేజ.

"సారీ," అంది సుప్రజ. "ఖాళీ చేయక్కర్లేదు."

"అయితే ఆ ఉప్పునీళ్లు నాకిచ్చేయండి. కాస్త ఖనిజాలు కలిపితే నా రొయ్యలకి సరిపోతాయి. ట్యాంకరు మానేస్తాను."

ఆమె నుదురు కొట్టుకుంది. "ఈ మాట మూడు నెలల క్రితం చెప్పి ఉండొచ్చు కదా!"

"అప్పుడు మీరు నన్ను మాట్లాడనిస్తే కదండీ!"

వారంలో గొట్టం మళ్లింది, కాలువ నీళ్లు తేటపడ్డాయి. మాడిన మొక్కలకి బదులు పార్కు కొత్త అంటు మొక్కలు ఇచ్చేలా డైరెక్టర్ గారిని ఒప్పించి, ఆ కబురు చెప్పడానికి ఇద్దరూ నర్సరీకి వెళ్లారు. వెంకటదుర్గ గారు టీ ఇచ్చి, అతణ్ణి తేరిపార చూశారు.

"ఈ అబ్బాయి ఎవరమ్మా?"

"మా పార్కులో రొయ్యలు పెంచుతారండి."

"నేనడిగింది అది కాదులే," అని నవ్వుతూ ఆవిడ లోపలికి వెళ్లిపోయారు.

సూర్యతేజ గ్లాసు వైపే చూస్తూ గొణిగాడు. "నాకు మీరంటే ఇష్టమండి. చెబితే ఎక్కడ తిడతారోనని..."

"మూడు నెలలు నా బుర్ర తిన్నావు. ఈ ఒక్క మాట దగ్గరే నీకు మొహమాటమా?"

'నువ్వు' అనేశానని ఆమెకి అప్పుడు తెలిసింది. అతనికి ముందే తెలిసినట్టుంది, ముఖమంతా వెలిగిపోతోంది.

"అంత నవ్వక్కర్లేదు," అంది ఎర్రబడుతూ. "ఆదివారం తణుకులో మా ఇంటికి రా. మా నాన్నగారితో మాట్లాడు. సూటిగా చెప్పు, నాకు చెప్పినట్టు గ్లాసుకి కాదు!"