తాడుకి అవతలి చివర

లాయిడ్ ప్రూయిట్‌కి అబద్ధమాడటం చేతకాదు. అరవై ఒక్క ఏళ్ళొచ్చినా ఆడిన ప్రతిసారీ చెవులు ఎర్రబడిపోతాయి. అందుకే ఉన్ని టోపీ చెవుల మీదికి లాక్కుని మరీ ఆడాడు.

"ఇద్దరం," అన్నాడు.

గేటు దగ్గరి గదిలోంచి కెండ్రా అనే రేంజరు పిల్ల మెడ చాచి పికప్‌లోకి చూసింది. పక్క సీట్లో తాడు చుట్ట తప్ప ఎవరూ లేరు.

"రెండో ఆయన బాగా సన్నబడినట్టున్నారు సార్!"

"మావాడు ముందే వచ్చాడు. కింద సరస్సు దగ్గరున్నాడు."

"సరే మరి. ఒంటరిగా కొండెక్కేవాళ్ళని పంపించొద్దని మాకు ఆర్డరు. చీకటి పడేలోపు వచ్చెయ్యండి. నవంబరు పొద్దు, చెప్పకుండా పోతుంది."

ఆర్కాన్సా కొండల మధ్య ఆ కోల్డ్ ఫోర్క్ స్టేట్ పార్కుని వసంతంలోనే తెరిచారు. వేసవంతా పడవలు, పిల్లల గోల, సాసేజీలు కాల్చే పొగ. ఇప్పుడు మంగళవారం మధ్యాహ్నం. కొత్త బల్లల రంగు వాసన కూడా ఇంకా పోలేదు, వాటి మీద కూర్చునే మనిషి మాత్రం లేడు. బండ్లు నిలిపే చోటు కొండ నెత్తిన ఉంది. అక్కణ్ణుంచి నీళ్ళ దాకా పొదల్లోంచి మెలికలు తిరుగుతూ ఒకే ఒక్క కాలిబాట. లాయిడ్ కొండంచున బిగించిన ఇనప రింగులోంచి తాడు దూర్చి రెండు కొసలూ కిందికి వదిలాడు. తర్వాత బాట పట్టుకుని దిగాడు. దిగేసరికి ఫోను మోగింది.

"ఏరా ముసలి మేకా! ఎక్కడ తగలడ్డావ్?"

ఓడెల్. కొండెక్కేటప్పుడల్లా ఇరవై రెండేళ్ళు లాయిడ్ తాడు పట్టినవాడు. మోకాలు మార్పించుకుని, అరిజోనాలో కూతురింటికి వెళ్ళిపోయి ఏడాదైంది.

"కొత్త పార్కులో. కొండ కింద."

"ఎవరితో?"

"ఉన్నార్లే."

"నీ మొహానికి ఇంకో స్నేహితుడా! ఎవడ్రా ఆ గుడ్డివాడు?"

లాయిడ్ నవ్వి మాట మార్చాడు. "నువ్వెళ్ళినప్పట్నుంచీ పికప్ కుడి తలుపు తెరుచుకోవట్లేదురా. ఏం చేసేవాడివి దాన్ని?"

"పిడి పైకెత్తి, మోకాలితో ఒక్క తాపు తన్ని, అప్పుడు లాగాలి. ఏం, ఎవరైనా ఎక్కుతున్నారా?"

"లేదులే. ఊరికే అడిగా."

"జాగ్రత్తరా," అని ఓడెల్ పెట్టేశాడు.

లాయిడ్‌కి కాస్త చెముడు. ఫోనుని ఎప్పుడూ స్పీకరు మీద పెట్టి అరిపిస్తూనే ఉంటాడు. ఓడెల్ మాటలు నీళ్ళ మీదుగా అవతలి గట్టు దాకా పోయి తిరిగొచ్చాయి. కాకపోతే కొంచెం ఆలస్యంగా వచ్చాయి.

కొండెక్కే శాస్త్రం చాలా చిన్నది. ఒకడు తాడు కొస నడుముకి కట్టుకుని ఎక్కుతాడు. రెండోవాడు ఇంకో కొస పట్టుకుని, వాడు ఎక్కేకొద్దీ మిగులు లాగుతాడు. మాట వినబడకపోతే రెండు గుంజులు గుంజుతారు, 'నేను సిద్ధం' అని. పైవాడు 'వదిలెయ్' అనేదాకా కిందివాడు తాడు వదలకూడదు. వాడు దిగాక వంతు మారాలి. అంతే.

ఒంటరివాడికైతే జారకుండా పట్టే ఇనప పట్టీ ఒకటి దొరుకుతుంది. దాన్ని నడుముకి తగిలించుకుని, తాడు రెండో కొస బండకి కట్టెయ్యాలి. లాయిడ్ అలాంటిది కొత్తది కొన్నాడు. కొని, జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

ఓడెల్ గొంతు ఇంకా చెవిలోనే ఉంది. ముడి వేసుకున్నాడు. చేతులకి సుద్దపొడి రాసుకున్నాడు.

"పట్టుకున్నావా?" అన్నాడు, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ. "ఎక్కుతున్నా."

హాయిగా సాగింది ఎక్కడం. చేతికి అందిన ప్రతి పట్టూ పాత చుట్టంలా పలకరించింది. నడుము దగ్గర తాడు ఎంత కావాలో అంతే బిగువుగా ఉంది. ఎండ చల్లారింది. కిందనుంచి పాచి వాసన, అడుగుబురద వాసన వస్తున్నాయి. ఇంకో నాలుగు బారలుందనగా ముక్కు కారి, రుమాలు కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

ఇనప పట్టీ తగిలింది.

ముందు తన తెలివికి తనే దణ్ణం పెట్టుకున్నాడు. ఇంత ఎత్తు, కట్టని తాడుతో ఎక్కేశాడన్నమాట! తర్వాత నడుము వైపు చూసుకున్నాడు.

తాడు బిగువుగా ఉంది.

ఒక అడుగు పైకి వేశాడు. జానెడు తాడు పైకి పోయింది. అడుగు కిందికి వేశాడు. జానెడు వదులైంది.

"ఓడెల్...?"

వెయ్యి మైళ్ళ అవతల ఉన్నవాడు పలకడని తెలుసు. కిందికి చూస్తే ఉబ్బిన బండ అడ్డం. దాని కింద ఏముందో కనపడదు. ఎక్కిన దారిన దిగడం ఆ వయసులో కల్ల. చేతుల్లో పట్టు సడలుతోంది. నీళ్ళ మీద ఆఖరి వెలుగు కూడా పోయింది.

"ది... దించు."

కళ్ళు మూసుకుని తాడు మీద కూర్చున్నాడు. ఆగింది. తర్వాత మెల్లిగా, చాలా మెల్లిగా దించింది. బండ ఉబ్బు దగ్గర కాలు ఆన్చుకునేదాకా ఓపిగ్గా ఆగింది. ఏడాదిగా తననెవరూ ఇంత జాగ్రత్తగా పట్టుకోలేదు అనిపించింది లాయిడ్‌కి. ఆ తాడుకన్నా ఆ ఆలోచనకే ఎక్కువ భయం వేసింది.

కాళ్ళు నేలకి తగిలాయి. ఎవరూ లేరు.

తాడు రెండో కొస గులకరాళ్ళ మీదుగా సాగి నీళ్ళలోకి పోయి ఉంది. బిగువుగా. చుక్కలు కారుతూ.

"వదిలెయ్," అన్నాడు. గొంతు పిల్లిపిల్ల గొంతులా వచ్చింది.

తాడు వదులైంది. ముడి విప్పుకున్నాడు. కొస ఇంకా చేతిలోనే ఉంది.

రెండు గుంజులు.

పరుగెత్తాల్సింది. పారేసి పరుగెత్తాల్సింది... కానీ నోరు తనంతట తనే అనేసింది.

"పట్టుకున్నా."

నీళ్ళు కదిలాయి. లాయిడ్ తల ఎత్తలేదు. గులకరాళ్ళు నలిగాయి, ఒక్కొక్కటే. అడుగుబురద వాసన పక్కనుంచి వెళ్ళింది. ఆగింది. మళ్ళీ కదిలింది. చేతి మీద చన్నీటి చుక్క పడింది. ఇంకోటి. తర్వాత పైనుంచి... ఇంకా పైనుంచి. తాడు మిగులు వస్తోంది, లాగుతున్నాడు. ఒక్కసారి పూర్తి బరువు తాడు మీద పడింది. మనిషి బరువే. కాపాడాడు. ఎందుకు కాపాడాడో తనకే తెలీదు.

రింగు దగ్గర ఆగుతుందనుకున్నాడు. 'దించు' అంటుందని చూశాడు. అనలేదు. ఈసారి తాడు లాయిడ్ చేతుల్లోంచి ఎదురు పైకి జారింది. కొండంచు దాటి, అటువైపు, నడుచుకుంటూ పోతున్నట్టు.

ఆగింది.

చీకట్లో ఏ చప్పుడూ లేదు. చాలాసేపు.

అప్పుడు కొండ నెత్తినుంచి, బండ్లు నిలిపిన చోటునుంచి, ఒక ఇనప పిడి టక్కుమంది. తలుపుని ఏదో ఒక్క తాపు తన్నింది. ఏడాదిగా తెరుచుకోని తలుపు కీచుమంటూ తెరుచుకుంది. మెల్లిగా, జాగ్రత్తగా, లోపలినుంచి మూసుకుంది.

పైకి ఒకటే బాట. లాయిడ్ తాడు వదల్లేదు. 'వదిలెయ్' అని ఎవరూ అనలేదు మరి.

చేతుల్లో తాడు కదిలింది.

రెండు గుంజులు.