పేరు లేని నెట్‌వర్క్

పొట్టంగిలో శ్రావణమాసం వస్తే మధ్యాహ్నం మూడింటికే దీపాలు వేసుకోవాలి. కొండల మీంచి దిగిన మంచు కిటికీల్లోంచి చక్కా లోపలికి వచ్చేస్తుంది. ఆరేసిన బట్టలు వారమైనా ఆరవు. చెప్పులకి బూజు పడుతుంది. అలాంటి ఒక మధ్యాహ్నం బాలికల హాస్టల్ కంప్యూటర్ గదిలో కూర్చుని, ఎవాంజెలిన్ కీబోర్డుకి పట్టిన జిడ్డుని పాత బనీను గుడ్డతో తుడుస్తోంది.

ఆమెది రాయగడ. అటు తెరుబలి నుంచి ఇటు పొట్టంగి దాకా చిన్న చిన్న బళ్లలో, ఆఫీసుల్లో కంప్యూటర్లు చూసుకోవడం ఆమె పని. మురికి యంత్రాలు కొత్త కాదు. కానీ ఈ కీబోర్డు మరీ అన్యాయం. మీటల సందుల్లో గోధుమరంగు బంక. గోరుతో గీకితే సాగుతోంది. డబ్బా మూత విప్పితే ఫ్యాన్‌కి చుట్టుకున్న వెంట్రుకలు, అందులో ఇరుక్కుని ఎండిన బల్లి. ఆ అడుగున మళ్లీ అదే బంక. వాసన ఎండుచేపల సంచీ వానలో తడిసినట్టుంది.

"ఛీ! ఇదేటత్తా, దీని మీద సేపల పులుసు పోసేరా ఏటి?" అంది.

హాస్టల్ మేట్రన్ బంగారమ్మ గుమ్మంలోనే నిలబడింది. పకోడీల పళ్లెం ఇవ్వడానికి వచ్చి, గది లోపలికి రాకుండా చెయ్యి మాత్రం చాచింది.

"టీ ఒలికిపోయుంటాదమ్మీ. ముందు పని కానీ. ఆరు దాటితే పిల్లల గతేటి?"

ఆ మాట ఎవాంజెలిన్‌కి చురుక్కున తగిలింది. హాస్టల్లో ముప్ఫై ఒక్కమంది పిల్లలు నర్సింగ్ ప్రవేశ పరీక్షకి దరఖాస్తు పెడుతున్నారు. సాయంత్రం ఆరు గంటలే గడువు. తప్పితే ఏడాది పోతుంది, ఆ కొండ ఊళ్లలో పోయిన ఏడాది మళ్లీ రాదు, ఆడపిల్లని మళ్లీ చదువుకి పంపేవాళ్లు తక్కువ. దరఖాస్తులన్నీ నింపి, ఫొటోలు పెట్టి ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి. పంపడానికి నెట్ లేదు. లేకుండా చేసింది ఎవరో కాదు, ఎవాంజెలినే. కిందటి నెల వచ్చి, వెంట తెచ్చుకున్న కీబోర్డుతోనే సిస్టమ్‌ని కొత్తది చేసి వెళ్లింది. అప్పటినుంచి వైర్‌లెస్ పనిచెయ్యడం మానేసింది.

ఆ పల్లంలో ఫోన్లకి సిగ్నల్ లేదు. ఎదురుగా గుట్ట మీదున్న టవర్‌ని హాస్టల్ డాబా మీది యాంటెన్నా అందుకుంటుంది. అక్కణ్ణుంచి ఒక కేబుల్ కిందికి దిగి ఈ కంప్యూటర్ వెనకున్న వైర్‌లెస్ పరికరానికి తగులుతుంది. పెన్‌డ్రైవ్‌లో దరఖాస్తులు పెట్టుకుని పక్క టౌను సిమిలిగుడ పోదామంటే రోడ్డు మీద చెట్లు పడి పొద్దుటినుంచి బస్సులు లేవు. ఎవాంజెలిన్ ముందు రోజే వచ్చేసినా, కరెంటు రాక ఈ మధ్యాహ్నం దాకా యంత్రం ముట్టుకోలేదు.

చెయ్యాల్సింది ఒక్కటే. కంప్యూటర్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని మళ్లీ తయారుచేసి, ఆ పరికరాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌ని అందులో చేర్చాలి. డ్రైవర్‌ని విడిగా పెట్టుకోవచ్చు, అప్పుడు కావాలంటే తగిలించుకోవడం, వద్దంటే పీకెయ్యడం ఒక్క ఆదేశంతో అయిపోతుంది. లేదా కెర్నెల్‌లోనే కలిపెయ్యొచ్చు. కలిపేస్తే మరి తియ్యడానికి లేదు. ఎవాంజెలిన్ ఎప్పుడూ కలిపేస్తుంది. రోజుకి పదిసార్లు కరెంటు పోయే ఊళ్లు ఇవి, వచ్చిన ప్రతిసారీ ఆదేశాలు కొట్టడానికి బంగారమ్మలాంటి వాళ్లకి ఏం తెలుసు? స్విచ్చి వేస్తే అన్నీ వాటంతటవే లేవాలి.

కలిపెయ్యాలంటే పరికరం చిప్పులోకి ఎక్కించే చిన్న ఫైలు కూడా కావాలి. తను తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో అది లేదు. నెత్తి బాదుకుని కంప్యూటర్ అంతా వెతికింది. 'సూర్యం' అనే ఫోల్డర్‌లో దొరికింది. ఫైలు పేరు సరిపోయింది. తారీఖు కిందటి అక్టోబర్ ఐదు. హమ్మయ్య అనుకుని దాన్నీ కెర్నెల్‌లో కలిపేసింది. తయారీ మొదలైంది. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఫారాల కాగితాలు సరిచూసుకుంటూ, బొటనవేలిని నాలికతో తడుపుకుని తిప్పుతూ, మధ్యమధ్య పకోడీలు తింటూ కూర్చుంది.

అయిదుంబావుకి కంప్యూటర్ ఆపి, మళ్లీ లేపింది. లేచింది. పరికరం మీద పచ్చదీపం వెలిగింది.

తెర మీద నెట్‌వర్క్‌ల పట్టీ వచ్చింది. మొదటిది గుట్ట మీది టవర్, మైనస్ డెబ్భై ఒకటి. ఆ అంకె సున్నాకి ఎంత దగ్గరైతే అవతలి యంత్రం అంత దగ్గరున్నట్టు. దాని కింద ఇంకొకటి ఉంది. పేరు లేదు. మైనస్ అరవై.

ఎవరిదో ఫోను అనుకుంది. టవర్‌కి కలిపి మొదటి దరఖాస్తు పంపింది. వెళ్లింది. రెండోదీ వెళ్లింది. మిగతావి ఒకదాని వెనక ఒకటి వాటంతటవే వెళ్లేలా పెట్టింది. ప్రాణం లేచొచ్చింది.

"అత్తా, అయిపోతాదిలే! మన సూర్యం ఎవరో గానీ, ఆ బాబు ఫైలు దాసి పుణ్యం కట్టుకున్నాడు."

గుమ్మంలో బంగారమ్మ మొహం పాలిపోయింది.

"సూర్యం పేరు నీకెవులు సెప్పేరమ్మీ?"

"ఇందులోనే ఉన్నాది. ఎవలతను?"

బంగారమ్మ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. గొంతు బాగా తగ్గించింది. "ముందర పనిసేసిన ఆపరేటరు. కిందటి దసరా సెలవలకి, అక్టోబరు ఒకటిన, పిల్లలు ఎల్లిపోయిన రోజే... ఆ కుర్సీలోనే... గుండి ఆగిపోయింది. గది లోపల గెడ. ఎవులికీ తెల్దు. పన్నెండు రోజులకి తలుపులు ఇరగ్గొట్టేరు. ఆ టేబులు మీదికి ఒరిగి... కరిగిపోయేడమ్మీ."

ఎవాంజెలిన్ నోట్లో ఇంకా పకోడీ ముక్క ఉంది.

"కంప్యూటర్..."

"కొత్తది ఎందుకు, పినాయిలు ఏసి తుడిసీండి అన్నాడు హాస్టల్ సెక్రటరీ కూర్మారావు. పైపైన తుడిసేం."

ఎవాంజెలిన్ కిటికీ దగ్గరికి పరిగెత్తి బయటికి వాంతి చేసుకుంది. గోళ్ల సందుల్లో గోధుమరంగు. నాలిక మీద... ఛీ! ఛీ! మనుషులా వీళ్లు? చచ్చినవాణ్ణి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పిండుకుని, అదే యంత్రం మీద పిల్లలకి పాఠాలు నేర్పించారు! కూర్మారావు మొహాన ఆ కీబోర్డు విసరాలనిపించింది.

వెనక్కి తిరిగేసరికి గుమ్మం ఖాళీ. బంగారమ్మ చెప్పుల చప్పుడు వరండా చివర వినబడుతోంది.

గడియారం అయిదు ముప్పావు. తెర మీద పదకొండో దరఖాస్తు వెళ్తోంది. పేరు లేని నెట్‌వర్క్ మైనస్ నలభై.

ముప్ఫై ఎనిమిది.

ముప్ఫై అయిదు.

అప్పుడు లెక్క వేసుకుంది. సెలవలు మొదలైంది ఒకటో తారీఖు. తలుపు విరగ్గొట్టింది పన్నెండు రోజులకి. ఆ ఫైలు తారీఖు అయిదు. లోపల గెడ వేసి ఉన్న గదిలో, అయిదో తారీఖున...

దాన్ని తీసెయ్యాలి. చేతికి రుమాలు చుట్టుకుని, వేలి కొసలతో డ్రైవర్‌ని పీకే ఆదేశం కొట్టింది. ఆ పేరుతో విడిగా ఏదీ లేదంది యంత్రం. ఎందుకుంటుంది? తనే కలిపేసింది. తన చేతులతో తనే.

మిగిలింది కేబుల్. లాగేస్తే అన్నీ ఆగిపోతాయి. పద్నాలుగో దరఖాస్తు... పదిహేనోది...

'ఇంకొంచెం,' అనుకుంది. 'పిల్లలు... పిల్లల కోసం.'

మైనస్ ఇరవై. వాసన మారింది. ఇందాకటి ఎండుచేపల కంపు కాదు. పచ్చిగా, వెచ్చగా, తియ్యగా ఉంది. ఇంకా పూర్తికాని కుళ్లు. గొంతులోకి దిగి అక్కడే కూర్చుంది. ముక్కు మూసుకుంటే నోటికి తగులుతోంది.

మైనస్ పన్నెండు. పద్దెనిమిదో దరఖాస్తు వెళ్లింది.

మైనస్ అయిదు. ఆమె కూర్చున్న కుర్చీ వీపు మెల్లిగా వెనక్కి వంగింది. ఎవరో దాని మీద రెండు చేతులూ ఆనించి, తెర చూడ్డానికి ముందుకి వంగినట్టు. మెడ మీద ఒక చుక్క పడింది. నీళ్లు కావు. నీళ్లు జారిపోతాయి. అది జారలేదు... అక్కడే ఆగి, నెమ్మదిగా వెడల్పయింది...

పంతొమ్మిదోదీ వెళ్లింది.

మైనస్ ఒకటి.

"వద్దు..." అంది ఎవాంజెలిన్, శబ్దం లేకుండా.

సున్నా.

కేబుల్ పట్టుకుని ఒక్క లాగు లాగింది. పచ్చదీపం ఆరిపోయింది. కరెంటు ప్లగ్గు కూడా పీకి, వెనక్కి చూడకుండా వానలోకి పరిగెత్తింది. హాస్టల్ గేటు దగ్గర ఆగి రోడ్డు పక్కన పారుతున్న బురదనీళ్లతోనే మెడ కడుక్కుంది. చర్మం ఎర్రగా లేచేదాకా కడుక్కుంది. ఎక్కడో ఆరు గంటలు కొట్టారు. పన్నెండుమంది మిగిలిపోయారు. వాళ్ల మొహాలు ఎలా చూడాలో తెలియక, మేడ మీది గదుల్లోంచి నవ్వులు వినబడుతుంటే అక్కడే కూలబడి ఏడ్చింది. పిరికిదానా, ఇంకో పది నిమిషాలు ఓర్చుకోలేకపోయావా అని తనని తనే తిట్టుకుంది.

మర్నాడు రోడ్డు తెరిచారు. ఎవరికీ చెప్పకుండా రాయగడ వచ్చేసింది. మూడు వారాలు అన్నం ముద్ద చేతితో కలుపుకోలేకపోయింది. చెంచాతో తింది. ఏమైందే అని అమ్మ అడిగితే వేడి చేసిందని చెప్పింది.

నాలుగో వారం బంగారమ్మ ఫోన్ చేసింది. సిమిలిగుడలో ఇంటర్‌నెట్ కొట్టు నుంచట.

"అమ్మీ, నీ కడుపు సల్లగా! ముప్ఫై ఒక్కమందికీ హాల్‌టికెట్లు వచ్చేయి."

"ముప్ఫై ఒకటా? అత్తా, నేను పంపింది పంతొమ్మిదే కదా..."

"లేదమ్మీ, అందరివీ అందేయంట. కానీ ఒక మాటడగాలి. ఆఖరి పన్నెండుమందికీ మనం ఇచ్చిన ఫొటోలు లేవు. వేరేవి ఉన్నాయి. అవి నువ్వెప్పుడు తీసేవు? పంపుతున్నాను, సూడు."

ఫొటోలు ఒక్కొక్కటే వచ్చాయి. పన్నెండు మొహాలు, బాగా దగ్గర నుంచి తీసినవి. కింద హాస్టల్ నీలం దుప్పట్లు, జడలు విప్పిన జుట్టు, కొద్దిగా తెరుచుకున్న నోళ్లు. అందరూ నిద్రలో ఉన్నారు. మేడ మీద పిల్లల గదుల్లోకి తను అడుగే పెట్టలేదు, కంప్యూటర్‌కి కెమెరా లేదు.

పదకొండుమంది కళ్లు మూసుకున్నారు. పన్నెండో ఫొటోలో పిల్ల మాత్రం కళ్లు తెరిచి, తీస్తున్నవాళ్లకేసి చూస్తూ, పక్కన పడుకోడానికి చోటిస్తున్నట్టు దుప్పటి ఎత్తి పట్టుకుంది.