ఓడరేవు గుమాస్తా సంగీతం

“నా ఊపిరి తీసేశారా?”

కంట్రోల్ రూమ్ తలుపు ధడాలున తెరుచుకుంది. గుమ్మంలో కమాను పట్టుకుని, సెల్లో వాయించే ఆమె. దాంతోనే నాకు రెండు తగిలిస్తుందేమోనని కుర్చీ వెనక్కి జరుపుకున్నాను.

“ఊపిరి కాదండీ, ఊపిరి శబ్దం. ప్రతి వరసకి ముందూ వినిపిస్తోంది. శుభ్రం చేశాను.”

“శుభ్రం చెయ్యడానికి అదేమైనా అంట్లగిన్నా? మనిషి వాయించిందండీ అది!”

“సౌండ్ ఇంజనీర్ని. అలాంటివి తీసెయ్యడమే నా ఉద్యోగం.”

“అయితే నన్నే తీసెయ్యండి. ఓ పనైపోతుంది!”

తలుపు మళ్లీ ధడాలుమంది.

అప్పటికి మా రికార్డింగ్ మొదలై రెండు రోజులు. వయొలిన్‌కి పెద్దన్నలాంటి ఆ సెల్లోని మోకాళ్ల మధ్య నిలుపుకుని కూర్చుందంటే ఆమెకు లోకం గుర్తుండదు. ఆమెకో పిచ్చి ఉంది. పోయిన శతాబ్దంలో ఎవరో రాసి, ఎవరూ పట్టించుకోక మూలపడ్డ సెల్లో సంగీతాన్ని వెతికి వాయించడం.

ఈసారి దొరికినవి ఆరు రచనలు. రాసినాయన ఓడరేవులో గుమాస్తా. ఎనభై ఏళ్ల కిందట, సరుకుల చిట్టాల వెనకవైపు పెన్సిలుతో రాసుకున్నాడు. ఆయన దగ్గర సెల్లో లేదు. కూనిరాగం తీస్తూనే రాశాడట. బతికుండగా ఒక్కటి కూడా ఎవరూ వాయించలేదు. కాగితాల మీద అక్కడక్కడా స్వరాల మధ్య చిన్న సున్నాలున్నాయి. అవేమిటో ఆమెకీ అంతుబట్టక, వదిలేసి వాయిస్తోంది.

మూడో రోజు పొద్దున్నే గుమాస్తాగారి కూతురు వచ్చింది. ఎనభై నాలుగేళ్ల మామ్మగారు. తండ్రి కాగితాలను ఇన్నేళ్లూ బట్టల మధ్య దాచిన మనిషి. వాటిలో ఉన్నది ఎవరైనా వాయించగా మాత్రం ఏనాడూ వినలేదు.

ఆవిడ వచ్చిన పది నిమిషాలకే వాన అందుకుంది. మేం రికార్డు చేస్తున్న హాలు కప్పు అద్దాలది. నా మైకుల్లో వాన తప్ప ఇంకేమీ లేదు.

“ఇవాళ రికార్డింగ్ అవదండీ,” అన్నాను.

“మైకులు సెలవు పెడితే చెవులు కూడా పెట్టాలా? మామ్మగారి కోసం వాయిస్తాను. మీరూ ఆ హెడ్‌ఫోన్లు తీసి రండి. ఒక్కసారి మనిషిలా వినండి.”

వెళ్లి మామ్మగారి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

మొదటి స్వరం నాకు చెవుల్లోంచి రాలేదు. నేల చెక్కల్లోంచి అరికాళ్లకి, అక్కడినుంచి వెన్నులోకి పాకింది. ఒక్క మనిషి, నాలుగు తీగలు. హాలంతా మెల్లగా కదిలే పెద్ద ఓడలా అనిపించింది. పైన వాన ఉందో లేదో కూడా తెలియలేదు. ఇంతటిది చిట్టాల వెనక ఎనభై ఏళ్లు నోరు మూసుకుని పడి ఉందా!

సగంలో మామ్మగారు చెయ్యెత్తింది.

“అక్కడ ఆగాలమ్మా.”

కమాను ఆగింది. “ఎక్కడండీ?”

“ఇప్పుడు వాయించావే, దాని తర్వాత. నాన్న నన్ను భుజాన వేసుకుని పాడేవాడు. అక్కడ గట్టిగా ఊపిరి పీల్చుకునేవాడు. ఆ ఊపిరికి నేను పైకి లేచి, కిందికి దిగేదాన్ని.”

ఆమె తన ముందున్న కాగితం వైపు వంగి చూసింది. సరిగ్గా అక్కడే సున్నా ఉంది.

మళ్లీ మొదలుపెట్టింది. సున్నా దగ్గర కమాను ఎత్తి, నిండుగా ఊపిరి పీల్చింది. కళ్లు మూసుకున్న మామ్మగారి భుజాలు పైకి లేచాయి, దిగాయి. నాన్న భుజం మీది నాలుగేళ్ల పిల్ల నాకు కనిపించినట్టే అయింది.

సంగీతం ముగిసింది.

“ఎనిమిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను,” అన్నాను చివరికి. “ఇన్నాళ్లూ తప్పులే విన్నానండీ. సంగీతం ఇవాళే విన్నాను. తీసేసిన ఊపిర్లన్నీ తిరిగి పెట్టేస్తాను. నూట నలభై మూడు.”

“లెక్కపెట్టారా!”

“తీసేటప్పుడు లెక్కపెట్టాను.”

నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. “వద్దులెండి. సున్నాల సంగతి తెలిశాక ఆరూ మళ్లీ వాయించాల్సిందే. మీకంత ఓపికుందా?”

“మీరు వాయిస్తానంటే అరవై అయినా కూర్చుంటాను.”

అనేశాక గానీ ఏమన్నానో తెలియలేదు. ఆమె గబగబా తలదించి తీగలు సవరించుకుంది. సవరించాల్సిన అవసరం వాటికేం లేదు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

మామ్మగారు నా భుజం మీద చిన్నగా తట్టింది.

పది రోజులు రికార్డు చేశాం. పోట్లాడుకున్నాం కూడా. “ఈ టేక్ బాగుంది” అని నేనంటే “మీకు అన్నీ బాగానే ఉంటున్నాయి ఈ మధ్య” అని ఆమె దెప్పింది. నిజమే మరి.

అంతా పూర్తయ్యాక, మామ్మగారింట్లో ఆవిడ కొడుకులు, కోడళ్లు, మనవలు అందరి మధ్యా కూర్చుని ఆరూ వరసగా విన్నాం. పెద్ద కొడుకు, జుట్టు నెరిసిన లెక్కల మాస్టారు, మూడోదానికే కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు. “మా తాతయ్య ఇంత పెద్దవాడా అమ్మా?” అన్నాడు. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుంది.

కాసేపటికి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“మీకు పెళ్లెప్పుడర్రా?”

నాకు పొలమారింది. ఆమె మాత్రం నింపాదిగా నావైపు తిరిగింది.

“ఇంకా ఈయన అడగలేదండీ.”

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

అడిగాను.