తెల్లగుడ్డ మీద నల్లమొగ్గలు

"ఈ మొగ్గలు ఎవరు కుట్టమన్నారండీ మిమ్మల్ని?"

టైలర్ గతుక్కుమన్నాడు. పార్కు గేటు దగ్గర, అంత మంది చూస్తుండగా, సైంటిస్టు తన సంచిలోంచి తెల్ల ఫ్లానెల్ గుడ్డ తీసి విప్పింది. దాని నిండా చిన్న చిన్న నల్లమొగ్గలు.

"మరీ బోసిగా ఉందనీ... మీకు నచ్చుతుందనీ..." అని నసిగాడు.

"ఇది రక్తం పీల్చే పిడుదుల్ని పట్టే గుడ్డ! గడ్డి మీద ఈడిస్తే అవి దీనికి అంటుకోవాలి, జనం చూడాలి. ఇప్పుడు ఏది పురుగో, ఏది మొగ్గో ఎలా తెలుస్తుంది?"

"అమ్మో, అప్పుడే ఎన్ని పట్టేసిందో!" అని ఎవరో కేకేశారు. అందరూ గొల్లుమన్నారు.

కిందటేడు ఇదే పార్కులో పిడుదులు కుట్టి ఇద్దరు పిల్లలు జ్వరంతో ఆస్పత్రి పాలయ్యారు. ఇంకెవరికీ అలా కాకూడదని పాపం ఆమె ఇల్లిల్లూ తిరిగి అందర్నీ పిలిచింది. ఇప్పుడేమో జనం నవ్వుకుంటూ ఇంటిదారి పడుతున్నారు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. టైలర్ ప్రాణం ఉసూరుమంది. గుడ్డ కుట్టమని షాపుకొచ్చిన రోజు నుంచీ ఆమె నవ్వు కోసం పడిచస్తున్నాడు. తీరా చేసిన నిర్వాకం ఇదీ!

"ఆగండాగండి! గుడ్డ పోతే పోయింది, నా ప్యాంటు తెల్లదేగా!" అని అరిచాడు.

ఆమె ముందు దర్జాగా కనపడాలని కొత్తగా కుట్టుకున్న ప్యాంటు అది.

"పిచ్చా మీకు? ముందు అంచులు సాక్సులోకి దోపండి!"

దోపుకుని గడ్డిలో పడి నడిచాడు. వెళ్లేవాళ్లు ఆగిపోయారు. తిరిగొచ్చేసరికి మోకాళ్ల దాకా నల్లచుక్కలు పాకుతున్నాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆమె వాటిని టేపుతో ఒత్తి తీసేసింది. ఒకటి మాత్రం అప్పటికే, గడ్డిని పక్కకి తోసిన అతని మణికట్టుని పట్టేసింది.

"అయ్యో నాయనా! అగ్గిపుల్లతో కాల్చండి!" అంటూ జనంలోంచి టైలర్ వాళ్లమ్మ పరిగెత్తుకొచ్చింది.

"వద్దు పిన్నిగారూ, కాల్చకూడదు, నూనె రాయకూడదు. చర్మానికి ఆనించి ఇలాంటి సన్నటి పట్టకారుతో పట్టుకుని, నెమ్మదిగా నిటారుగా లాగాలి. అందరూ చూడండి." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "నొప్పిగా ఉందా?"

"ఇంకాస్త మెల్లగా తియ్యండి. తొందరేం లేదు."

ఆమె నవ్వాపుకుంది. పురుగు ఊడొచ్చాక ఆ చోటు సబ్బుతో కడిగి, జనం వైపు తిరిగింది. "కొన్ని వారాలు కనిపెట్టుకుని ఉండాలి. జ్వరం గానీ దద్దురు గానీ వస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి."

జనం చుట్టూ మూగి ప్రశ్నల మీద ప్రశ్నలు వేశారు. అంతా అయ్యాక అతను గొంతు తగ్గించాడు. "మరి నన్నెవరు కనిపెట్టుకుని ఉంటారు?"

"రోజూ సాయంత్రం నేనే షాపుకొచ్చి చూస్తా."

"ఆ వారాలు అయిపోయాక? మీరంటే నాకిష్టమండీ. మొగ్గలు అందుకే కుట్టాను."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. టైలర్ వాళ్లమ్మ అంతా వినేసింది. "వాడికి జ్వరమొచ్చినా రాకపోయినా నువ్వు మాత్రం వస్తూ ఉండమ్మా," అంది.

సైంటిస్టు ఆ మొగ్గల గుడ్డని జాగ్రత్తగా మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

"ఇక దేనికీ పనికిరాదుగా, పారేస్తారా?" అన్నాడు టైలర్ దిగులుగా.

"ఇది నా కిటికీకి కర్టెన్. పార్కుకి ఇంకోటి కుట్టివ్వండి. బోసిగానే!"